రెండు ఉపసంహరణలు

సభ్యుల క్వార్టర్లు
ఫిబ్రవరి 6

అక్కా,

నీ కార్డు అందింది. మోకాలు నెమ్మదించిందని రాశావు కానీ, ఆ అక్షరాల వంకర చూస్తే మేడమెట్ల మీద కూర్చుని రాసినట్టుంది. మేడ ఎక్కొద్దని డాక్టరు చెప్పి ఎన్నాళ్ళయింది?

నీతో ఒక పని పడింది. సభలో పాతికేళ్ళు దాటిన సభ్యుల మీద సచివాలయం వాళ్ళు పుస్తకం వేస్తున్నారు. వెతగ్గా నలుగురం తేలాం. ఒకాయన మంచంలో ఉన్నాడు, ఒకాయన జైల్లో ఉన్నాడు, ఇంకొకాయన ఫోటో మాత్రం ఇస్తానన్నాడు. పుస్తకం బరువంతా నా నెత్తినే పడేట్టుంది. ఎప్పుడు పుట్టాను, ఏం పనిచేశాను, ఏ ఎన్నికలో ఎన్ని ఓట్లు, అన్నీ రెండు పేజీల్లో కావాలట. నాకు సంగతులు గుర్తున్నాయి కానీ అంకెలు లేవు. నీ దగ్గర పేపరు ముక్కలున్నాయిగా, చూసి రాసిపెట్టు. ఓడిన ఎన్నికని రెండు ముక్కల్లో సరిపెట్టు.

ఫోన్ చెయ్యకు. ఇక్కడి లైనులో గరగర తప్ప ఏమీ రాదు. ఉత్తరమే నయం.

కాన్పుల వార్డు సంగతి. ఈ సమావేశాల్లో ఆసుపత్రుల బిల్లు వస్తోంది. మన ఊరి వార్డు ఎత్తేసి జిల్లా ఆసుపత్రిలో కలపాలని అందులో ఉంది. మన వార్డు ఉన్నచోటే ఉండాలని సవరణ ఇచ్చాను. అవతలి పక్షంలో కూడా పదకొండుమంది మాటిచ్చారు. కాబట్టి వార్డు ఎక్కడికీ పోదు. నిశ్చింతగా అక్కడే నర్సు డ్యూటీ చేసుకోమని మేనకోడలికి చెప్పు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 13

తమ్ముడికి,

మెట్ల మీద కాదు, పీట మీద కూర్చుని రాశాను. పీట కాలు విరిగింది.

నీ చరిత్ర రాస్తున్నాను, సరిచూసుకో.

పాత సభ్యుడు పదవిలో ఉండగానే పోయాడు. సీటు నాకంటే నాకని పార్టీలో ఇద్దరు పెద్దమనుషులు పట్టుబట్టారు. ఇద్దరికీ పనికొచ్చే మనిషి దొరక్క, ఇద్దరికీ సరిగా తెలియని మనిషిని వెతికితే నువ్వు దొరికావు. ముప్పై ఆరేళ్ళు, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు, ఊళ్ళో పేరు ఇంజెక్షను. నీ మీద నిలబడ్డ సినిమాహాలు ఓనరు, "గొడ్లకి సూదులు వేసేవాడు మనుషులకేం చేస్తాడు?" అని మైకులో అడిగించాడు. నువ్వు సంత దగ్గర బల్ల మీద నిలబడి, "గొడ్లు నన్ను తన్నాయి, పొడిచాయి, ఒక్కటీ నాకు అబద్ధం మాత్రం చెప్పలేదు. మనుషులెలా ఉంటారో చూద్దామని వచ్చాను" అన్నావు. జనం నవ్వారు. రెండు వందల పన్నెండు ఓట్లతో గెలిచావు.

ఆ రోజు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నాది పగటి డ్యూటీ. ఎన్నికల ఆఫీసు నుంచి రాజధానికి కాల్ నా చేతుల మీదుగానే కలిసింది. ఆపరేటరు వినకూడదు. విన్నాను. నువ్వు గెలిచిన సంగతి నీకంటే ముందు నాకు తెలుసు. డ్యూటీలో ఏడవకూడదని రెండు గ్లాసుల నీళ్ళు తాగాను.

మూడేళ్ళకి మళ్ళీ ఎన్నిక, తొమ్మిది వేలు. ఆ తర్వాతది పద్నాలుగు వేలు. నాలుగోది ఓడావు, పదకొండు వందల నలభైతో. రెండు ముక్కల్లో రాయమన్నావు కానీ, ఎందుకు ఓడావో రాయకపోతే తర్వాత ఎందుకు గెలిచావో ఎవరికీ అర్థంకాదు. పద్నాలుగు వేలు వచ్చాక నువ్వు జీపు దిగడం మానేశావు. అర్జీలు కిటికీలోంచి తీసుకునేవాడివి. ఓడాక ఐదేళ్ళు మళ్ళీ నడిచావు. అప్పుడు పార్టీ టికెట్ ఇవ్వకపోతే నిచ్చెన గుర్తు మీద సొంతంగా నిలబడి మూడు వేల అరవైతో గెలిచావు. పార్టీవాళ్ళే వచ్చి మళ్ళీ పిలుచుకెళ్ళారు. తర్వాతి రెండూ ఆరేడు వేలతో. మొత్తం ఏడు పోటీలు, ఆరు గెలుపులు, ఇరవై ఏడేళ్ళ సభ్యత్వం. మొదటి నాలుగు నామినేషన్ల మీద ప్రతిపాదించినవారి గళ్ళో మీ బావ సంతకం. ఆయన పోయాక మూడింటి మీద నాది.

నీ ప్రచారానికి తిరుగుతూ బావ టైలరు షాపు మూసేసిన రోజులు కూడా రాద్దామనుకున్నాను. అది నీ చరిత్రలోకి రాదులే.

వార్డు మాట నా కూతురికి చెప్పాను. "మావయ్య ఉన్నాడుగా" అంది.

అక్క


మార్చి 11

తమ్ముడికి,

నీ ఉత్తరం వస్తుందని చూస్తుంటే పేపరు వచ్చింది. రెండో పేజీ అడుగున నాలుగు లైన్లు. ఆసుపత్రుల బిల్లు మీద ఇచ్చిన సవరణని సీనియర్ సభ్యుడు ఉపసంహరించుకున్నారు, బిల్లు ఆమోదం పొందింది అని. నువ్వు కాదేమో అనుకున్నాను. పక్కన నీ ఫోటో వేశారు.

పక్కింటి టైపు మాస్టారు పేపరు మడిచి పట్టుకుని వచ్చారు.

"ఏమ్మా, మీ తమ్ముడు మనసు మార్చుకున్నాడా?"

"అచ్చుతప్పు పడుంటుంది మాస్టారూ."

"తప్పులు అక్షరాల్లో పడతాయమ్మా. వాక్యాల్లో పడవు" అన్నారు ఆయన. నలభై ఏళ్ళు టైపు నేర్పిన మనిషి.

పన్నెండు మంచాలు, నెలకి అరవై కాన్పులు. జిల్లా ఆసుపత్రి నలభై రెండు కిలోమీటర్లు. ఈ లెక్క నీకు తెలియంది కాదు, సభలో నువ్వే చదివావు. ఎందుకు వెనక్కి తీసుకున్నావో ఒక్క వాక్యం రాయి. వీధిలో అడిగినవాళ్ళకి అదే చెబుతాను.

అక్క


సభ్యుల క్వార్టర్లు
మార్చి 17

అక్కా,

సభ బయటి నుంచి కనిపించినంత తేలిక కాదు. చిన్న ఆసుపత్రులు పది నడపడం కంటే పెద్దది ఒకటి సవ్యంగా నడపడం మేలని నిపుణుల నివేదిక ఉంది. అన్నీ ఉత్తరంలో రాయలేను. అడిగినవాళ్ళకి, ప్రభుత్వం పరిశీలిస్తోందని చెప్పు.

మేనకోడలి బదిలీ గురించి మనసు కష్టపెట్టుకోకు. ఆరోగ్యశాఖ కార్యదర్శికి రాశాను. ఆమెని మన ఊరి డిస్పెన్సరీలోనే ఉంచుతారు. ఆ కాయితం దీంతో పంపుతున్నాను, ఆఫీసులో చూపించమను.

పుస్తకానికి రెండు పేజీలు ఇచ్చేశాను. జీపు కిటికీ సంగతి కొట్టేశాను.

నీ తమ్ముడు


మార్చి 24

తమ్ముడికి,

ఒక్క వాక్యం అడిగితే పేజీ నింపి, ఆ వాక్యం తప్ప అన్నీ రాశావు. మసిపూసి మారేడుకాయ చెయ్యడం ఎప్పుడు నేర్చుకున్నావు? నొప్పులు పడుతూ బస్సులో నలభై రెండు కిలోమీటర్లు వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా నీ నిపుణుల్లో?

నా కూతురి ఉద్యోగం గురించి నేనెప్పుడు అడిగాను? బదిలీ ఆర్డరు వచ్చిన మర్నాడే వెళ్ళి జిల్లా ఆసుపత్రిలో చేరింది. పొద్దున్నే ఆరింటి బస్సు. నువ్వు పంపిన కాయితం దాని చేతికిచ్చాను. చదివింది. "మావయ్యకి మన కష్టం ఇంతే అర్థమైందా అమ్మా?" అని దాన్ని పొయ్యిలో పెట్టింది.

నిన్ను ఆరోగ్య సంఘానికి అధ్యక్షుణ్ణి చేస్తున్నారని మీ పార్టీ ఆఫీసులో అనుకుంటున్నారు. కారు, గది, గుమాస్తా అన్నీ వస్తాయట. అందుకేనా? అయితే అయిందని చెప్పు, మళ్ళీ అడగను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎన్నిసార్లని రాయను?

అక్క


సభ్యుల క్వార్టర్లు
మార్చి 30

అక్కకి,

శంఖం మాట చదివాను. నీ నోట ఆ మాట వస్తుందనుకోలేదు.

అధ్యక్ష పదవి ఎవరూ ఇవ్వలేదు, నేను అడగలేదు. వార్డు కోసం ఊరేగింపు జరిగిందని, మేనకోడలు ముందు నడిచి మైకు పట్టుకుందని ఇక్కడ పేపర్లో చూశాను. బాగా మాట్లాడిందని రాశారు. ఈ సీటు మీద మీ ఇంట్లో ఎవరికైనా మనసుంటే నాతో సూటిగా అనొచ్చు. అడ్డం పడను. కానీ నేను అమ్ముడుపోయానని చెప్పి తీసుకోవద్దు.

తమ్ముడు


ఏప్రిల్ 9

చిన్నోడా,

ఈ పిలుపుతో మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. కారణం ఉంది, ఆఖరిదాకా చదువు.

నీ ఉత్తరం చూశాక నీతో ఎదురుగా నిలబడి పోట్లాడదామని బయల్దేరాను. టైపు మాస్టారి అల్లుడు మీ సచివాలయంలో గుమాస్తా. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, సందర్శకుల గేలరీకి పాసు తీసుకున్నాను. మొన్న మంగళవారం పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా నీ నెత్తిమీదే కూర్చున్నాను.

నీ పక్కన పొడుగాటాయన ఉంటాడు కదా. ఆయన నవ్వితే నువ్వు నవ్వావు. ఆయన బల్ల చరిస్తే నువ్వు చరిచావు. ఆయన లేస్తే లేచావు. ప్రతిసారీ ఒక్క లిప్తపాటు వెనక. దూరపు ట్రంకు లైన్లలో అలాంటి ఆలస్యమే ఉండేది. అవతలివాళ్ళు నవ్వినట్టు తెలిసేసరికి ఇవతల మాట మారిపోయేది. నేను మంత్రిని చూడ్డం మానేసి నిన్నే చూస్తూ కూర్చున్నాను.

సభ ముగిశాక వరండాలో నీ వెనకే వచ్చాను. పది అడుగుల దూరం. "చిన్నోడా" అని పిలిచాను. నా గొంతు సంగతి నీకు తెలుసు, ఎక్స్ఛేంజిలో మూడు గదులకి వినపడేది. ఇద్దరు మంత్రులు తిరిగి చూశారు. ఒక బంట్రోతు చేతిలో ఫైలు జారవిడిచాడు. నువ్వు నడుచుకుంటూ వెళ్ళి మలుపు తిరిగావు.

అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. టైపు మాస్టారి అల్లుడు మంచినీళ్ళు తెచ్చాడు. బిల్లు రోజున ఏం జరిగిందని అతన్ని అడిగాను. ఆ రోజు పొడుగాటాయన జ్వరంతో రాలేదట. మంత్రి జవాబు అయ్యాక సభాపతి, "సభ్యులు సవరణని ఉపసంహరించుకుంటారా?" అన్నారట. నువ్వు లేచి, "అవునండీ" అని కూర్చున్నావట. "ఓటింగుకి పెట్టమంటారా అని అడిగారనుకున్నారేమోనండీ, అలా ధీమాగా కూర్చున్నారు" అన్నాడు.

నీకు కనబడకుండా సాయంత్రం బండికి వచ్చేశాను. ముప్పై ఏళ్ళు చెవికి ఫోను తగిలించుకుని బతికినదాన్ని. లైను బాగాలేదో, వినేవాడు బాగాలేడో నేను కదా ముందు కనిపెట్టాలి. గరగర అన్నావు, నమ్మాను.

శంఖం మాట తెలియక రాశాను. వెనక్కి తీసుకుంటున్నాను. ఎప్పటి నుంచిరా ఇది?

అక్క


సభ్యుల క్వార్టర్లు
ఏప్రిల్ 14

అక్కా,

రెండున్నరేళ్ళు. నీ మరదలు చనిపోయిన ఏడాదే నా ఎడమ చెవి పోయింది. ఇంట్లో మాట్లాడే మనిషి లేక వినపడ్డం లేదనుకున్నాను. తర్వాత కుడిది మొదలైంది. ఈ ఏడాది అదీ అయిపోయింది. నరం ఎండిపోయిందన్నాడు డాక్టరు. మిషను పెట్టి చూశాను. ఒక్క మనిషి ఎదురుగా నిదానంగా మాట్లాడితే కొంత తెలుస్తుంది. సభలో రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటుంది. తీసి సొరుగులో పెట్టాను.

నువ్వు రాసింది నిజం. ఓటింగు అడిగారనే అనుకున్నాను. పదకొండుమంది వైపు చూసి ఇప్పుడు లేస్తారని కూర్చున్నాను. ఎవరూ లేవలేదు. అందరూ నన్ను వింతగా చూస్తున్నారు. మర్నాడు కార్యక్రమాల కాపీ వచ్చింది. దాంట్లో నా పేరు ఎదురుగా "అవునండీ" అని అచ్చయి ఉంది. అప్పుడు తెలిసింది. ఆ కాయితం పట్టుకుని స్నానాలగదిలో చాలాసేపు నిలబడ్డాను. ఊళ్ళో ఏం చెప్పను? వినపడక వార్డు పోగొట్టానని చెప్పేకంటే నివేదిక చదివి ఒప్పుకున్నానని చెప్పడం గౌరవంగా తోచింది.

మేనకోడలి మీద అన్న మాట నీచమైనది. దానికి నేనే రాస్తాను.

ఇంకో పది నెలలే ఉంది. వచ్చే ఎన్నిక అయ్యేదాకా ఇది మన ఇద్దరి మధ్యే ఉండనీ. టైపు మాస్టారి అల్లుడికి కూడా చెప్పకు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 19

చిన్నోడా,

ఉండనివ్వను.

ఊరు నిన్ను అమ్ముడుపోయాడంటోంది. నేనే అనుకున్నాను, ఊరిది తప్పేముంది? చెవుడు కంటే ఆ పేరు నయమా? చెవుడు వయసుతో వస్తుంది. ఆ పేరు రావాలంటే మనిషి ఏదో చెయ్యాలి. నువ్వు చెయ్యలేదు.

సమావేశాలు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. లేచి చెప్పు. చెప్పేటప్పుడు ఎవరి వైపూ చూడకు, కాయితం చూసి చదువు. నీ గొంతుకేం కాలేదుగా.

అక్క


సభ్యుల క్వార్టర్లు
ఏప్రిల్ 30

అక్కా,

ఆఖరి రోజున అనుమతి అడిగి చదివాను. తొమ్మిది వాక్యాలు. నాకు రెండేళ్ళుగా వినపడ్డం లేదని, సవరణ వెనక్కి తీసుకునే ఉద్దేశం నాకు లేదని, ప్రశ్న తెలియకుండా జవాబిచ్చానని, తప్పు నాదని. కూర్చున్నాక చూస్తే అవతలి బెంచీలు నవ్వుతున్నాయి. బల్ల మీద గీతలు చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఏం జరిగిందో నాకు మర్నాడు కాపీ వచ్చాకే తెలిసింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ప్రతిపక్షంలో ఒకాయన: "మా ప్రసంగాలు ఇంత ప్రశాంతంగా ఎలా భరిస్తున్నారా అనుకున్నాం. ఇదన్నమాట రహస్యం. మాలో చెవులున్నవాళ్ళు ఎవరూ ఇంత నిజాయితీగా తప్పు ఒప్పుకోలేదు." కుండలీకరణంలో: నవ్వులు. ఆ తర్వాత: సభ్యులందరూ బల్లలు చరిచారు.

నేను బల్ల మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాను. అదురు తెలిసింది. ఎవరో కోపంతో గుద్దుతున్నారనుకున్నాను.

సభాపతి: "సభ్యుల ప్రకటన రికార్డులో ఉంటుంది. సభ నిర్ణయం నిర్ణయంగానే ఉంటుంది." మంత్రి: అత్యవసరం కోసం ఆ ఊళ్ళో రెండు మంచాలు ఉంచుతాం.

పన్నెండుకి రెండు. ఊళ్ళో చెప్పు, నా పేరుతోనే చెప్పు.

నీ తమ్ముడు


సభ్యుల క్వార్టర్లు
జనవరి 10

అక్కా,

పార్టీ జాబితా వచ్చింది. నా పేరు లేదు. సినిమాహాలు ఓనరు కోడలికి ఇచ్చారు. నాకు విశ్రాంతి కావాలని రాష్ట్ర అధ్యక్షుడు స్వయంగా ఉత్తరం రాశాడు. నేను అడగని వస్తువు ఇంత ప్రేమగా ఇచ్చినవాళ్ళు లేరు.

నిచ్చెన గుర్తు ఇంకా ఎవరూ తీసుకోలేదట. నిలబడతాను. మెడలో పలక వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతాను; చెప్పాలనుకున్నది రాస్తారు, చదివి జవాబు చెబుతాను. ప్రకటన తర్వాత ఎంతమంది ఉత్తరాలు రాశారో నీకు తెలుసు. రెండు మంచాలని పన్నెండు చెయ్యకుండా దిగితే ఈ ఇరవై ఎనిమిదేళ్ళకీ అర్థం లేదు. నామినేషను ఫారం దీంతో ఉంది. సంతకం పెట్టి పంపు.

నీ తమ్ముడు


జనవరి 14

చిన్నోడా,

ఫారం తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు.

ఆ గళ్ళో సంతకం అంటే ఈ మనిషి ఈ పని చెయ్యగలడని నేను చెబుతున్నట్టు. మూడుసార్లు నమ్మి పెట్టాను. ఈసారి నమ్మకం లేదు. వార్డు కోసం పోరాడాలంటే సీటే అక్కర్లేదు. నీకు వార్డు కావాలో సీటు కావాలో నువ్వే తేల్చుకో. నాకు తెలిసినంతలో నీకు రెండూ ఒకటే అయిపోయాయి.

కోపం వస్తుంది. రానీ. అన్నం మానెయ్యకు.

అక్క


రేవు దగ్గర లాడ్జి
ఫిబ్రవరి 5

అక్కా,

మూడు వారాలు నీకు రాయలేదు. కోపమే. పాత జీపు డ్రైవరు సంతకం పెట్టాడు. మన వీధి ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాను, తల తిప్పలేదు. నువ్వు గుమ్మంలో ఉన్నావట, డ్రైవరు పలక మీద రాసి చూపించాడు.

ప్రచారం బాగానే సాగింది. పలక పనిచేసింది. మేస్టర్లు, షాపులవాళ్ళు, చదువుకున్న ఆడవాళ్ళు గుండ్రంగా రాశారు. చదివాను, జవాబు చెప్పాను, నవ్వుకున్నాం. గెలుస్తాననే అనిపించింది.

నిన్న రేవు ఊళ్ళో నీళ్ళ ట్యాంకు వెనక వీధికి వెళ్ళాను. చివరి నుంచి రెండో ఇల్లు, ఆకుపచ్చ తలుపు. ఒక ముసలావిడ, ఎడమచేతికి కట్టు ఉంది. పలక ఇస్తే చూసి పక్కన పెట్టింది. చదువు రాదు. కుడిచేత్తో నా చెయ్యి పట్టుకుని మాట్లాడ్డం మొదలుపెట్టింది. పావుగంట. పెదాలు చూస్తే అందుకుందామనుకున్నాను. ఆవిడకి పళ్ళు లేవు. ఒక్క ముక్క తెలియలేదు. నేను గంగిరెద్దులా తలూపాను. ఎక్కడ ఆపాలో తెలియక అంతా ఊపాను. ఆఖరికి ఆవిడ తృప్తిగా నా భుజం తట్టి లోపలికి పోయింది.

జీపెక్కాక ఆవిడ ఏమందని డ్రైవర్ని అడిగాను. ఆవిడకి నేనేదో మాటిచ్చాను. ఏం మాటిచ్చానో నాకు తెలియదు. డ్రైవరు దూరంగా ఉన్నాడు, వినలేదు. సభలో చేసిందే ఆ గుమ్మంలో చేశాను. పలక మీద రాయలేనివాళ్ళు నా నియోజకవర్గంలో సగంమంది. ఇన్నేళ్ళూ నాకు ఓట్లేసింది వాళ్ళే.

ఇవాళ మధ్యాహ్నం ఎన్నికల ఆఫీసుకి వెళ్ళి నామినేషను వెనక్కి తీసుకున్నాను. ఈసారి ప్రశ్న ఎవరూ నోటితో అడగలేదు, ఫారం మీద అచ్చయి ఉంది. రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. నువ్వు అన్నది నిజమే. నాకు రెండూ ఒకటే అయిపోయాయి.

పొద్దున్న బండికి రాజధాని వెళ్ళి క్వార్టరు ఖాళీ చేస్తాను. నువ్వు ఒక్క పని చేసిపెట్టు. ఆ ఇంటికి వెళ్ళి ఆవిడ నాతో ఏం చెప్పిందో కనుక్కో. నేనేం ఒప్పుకున్నానో నాకు తెలియాలి.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 11

చిన్నోడా,

వెళ్ళొచ్చాను. బస్సు దిగాక అర కిలోమీటరు నడక. మోకాలు ఊరుకోలేదు, అయినా వెళ్ళాను. ఆకుపచ్చ తలుపు కొట్టి, ఫలానా ఆయన అక్కనని చెప్పాను. ఆవిడ పీట వేసింది. నిన్ను పట్టుకున్నట్టే నా చెయ్యి కూడా పట్టుకుంది.

ఆవిడ నిన్ను తిట్టింది. పావుగంటా తిట్టింది, అంతే. నాకు మొత్తం మళ్ళీ వినిపించింది, ఎక్కడ గొంతు పెంచిందో అక్కడ పెంచి మరీ. మనవరాలికి నొప్పులొస్తే మన ఊరి వార్డుకి తీసుకెళ్ళారట. ఉన్న రెండు మంచాల మీదా మనుషులున్నారు, జిల్లాకి పొమ్మన్నారు. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర బస్సులోనే కాన్పు. కండక్టరు బస్సు ఆపి మగవాళ్ళందర్నీ దింపేశాడట. తల్లీ బిడ్డా బతికారు. హడావుడిగా దిగుతూ ఈవిడ పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. "ఏడుసార్లు ఓటేశాను, ఓడినప్పుడు కూడా వేశాను, ఇదా నువ్వు చేసింది?" అని అడిగిందట నిన్ను. నువ్వు తలూపావట.

"నేను నోరు తెరిస్తే అడ్డం పడని నాయకుణ్ణి చూళ్ళేదమ్మా" అంది నాతో. "ఈయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తప్పు నాదేనన్నట్టు అంతా ఒప్పుకున్నాడు. అందుకే భుజం తట్టాను. ఓటు ఆయనకే వేస్తాను."

నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఆయనకి వినపడదమ్మా" అన్నాను.

"ఒక్క ముక్క కూడా?"

"ఒక్క ముక్క కూడా."

"మరి కళ్ళనీళ్ళు ఎందుకు పెట్టుకున్నాడు?"

ఆ సంగతి నువ్వు నాకు రాయలేదు. నీకు తెలియదేమో కూడా. పోటీలోంచి తప్పుకున్నావని చెప్పాను. ఆవిడ నా చెయ్యి వదిలేసింది. మొహం చిన్నబోయింది. ఏడు ఎన్నికల మనిషి కదా, అంత తేలిగ్గా వదల్దు.

"అయితే ఇప్పుడు నేనెవర్ని తిట్టాలి?" అంది.

మన ఇంటి నంబరు చెప్పాను. బుధవారం పదింటి బస్సుకి వస్తానంది. వీధిలో ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు కూడా వస్తారట, వాళ్ళకీ చెప్పాల్సింది ఉందట. వాళ్ళు మాట్లాడతారు, నేను రాస్తాను, నువ్వు చదివి ఎక్కడెక్కడికి రాయాలో రాయి. నా కూతురు ఆ రోజు సెలవు పెడుతోంది. ఏడుగురికి సరిపడా కుర్చీలు మన ఇంట్లో లేవు. క్వార్టరు తాళాలు ఇచ్చేసేటప్పుడు నీ సొంత కుర్చీలు రెండూ బండిలో వేయించు. మంగళవారానికల్లా రా.

అక్క